ఏడాదికొక గంప చౌడు

పెళ్ళికి పోతే అందరూ పెళ్ళికూతురి నగలు చూస్తారు, మా ఆవిడ మాత్రం పందిరి గుంజలకు కట్టిన తాళ్ళు చూస్తుందని మా ఆయన పదిమందిలో చెప్పి నవ్విస్తుంటాడు. ఆయన బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. అబద్ధాన్ని కూడా అందంగా చెప్పగలడు, కానీ ఇది మాత్రం అబద్ధం కాదు. మహానందిలో మా బంధువుల పెళ్ళిలో సాంబారు గుండిగను ఎక్కించిన ఇనుప స్టాండుకు ఒక కాలు వంకరపోయి కనిపించింది. తాళి కట్టే సమయానికి నేను అక్షింతలు గుప్పిట్లో పెట్టుకుని వంటశాలలో వంటవాళ్ళతో గొడవపడుతున్నాను. స్టాండు మార్పించాను. సాంబారు నిలిచింది కానీ తాళి కట్టడం నేను చూడలేదు. పెళ్ళికూతురి తల్లి ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడుతుంది.

నా పని అలాంటిది. కూలినవి, కాలినవి, విరిగినవి ఎందుకలా అయ్యాయో చూసి కాగితం మీద రాసివ్వడం. కర్నూలులో పాలిటెక్నిక్ పిల్లలకు సివిల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్తూ ఈ పనిలోకి జారాను. మొదట ఎవరో ఒక పగిలిన గోడ చూడమన్నారు, తర్వాత ఇంకెవరో వంగిన స్తంభం చూడమన్నారు. ఇప్పుడు కర్నూలు, కడప వైపు ఏది పడిపోయినా ఎవరో ఒకరు నా నంబరు ఇస్తారు. మంచి కబురు చెప్పడానికి నాకు ఫోన్ చేసేవాళ్ళు చాలా తక్కువ.

మా వైపు జనానికి కారణాలకు కొదవ లేదు. నిప్పు అంటుకుంటే షార్ట్ సర్క్యూట్, ఇనుము విరిగితే నాసిరకం, గోడ పడితే నరదిష్టి. బనగానపల్లె దగ్గర మామిడికాయలు మగ్గబెట్టే కొట్టం ఒకటి కాలిపోతే చూడటానికి వెళ్ళాను. యజమాని నన్ను బయటే ఆపి, "షార్ట్ సర్క్యూటే మేడం, మీరు లోపలికి వచ్చి చీర మసి చేసుకునే పనే లేదు" అన్నాడు. ఆ కొట్టానికి అసలు కరెంటే లేదు. ఆ మాట అంటే కొంచెం ఆలోచించి, "పక్క కొట్టంలో ఉండాది కదా" అన్నాడు. కడప దగ్గర బండలకు పాలిష్ పట్టే షెడ్డులో కొక్కెం విరిగి బండ జారితే, "ఆ పొద్దు అమావాస్య మేడం" అన్నారు. విరిగిన కొక్కెం తిప్పి చూశాను. అది అంతకు ముందే ఒకసారి సాగిపోతే సుత్తెతో కొట్టి మళ్ళీ వంచిన గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. ఆ సుత్తె పట్టిన మనిషే నా పక్కన నిలబడి అమావాస్య గురించి చెప్తున్నాడు.

ఇలాంటివాళ్ళను చూసీ చూసీ నాకు కొంచెం నోటి దురుసు వచ్చింది. క్లాసులో మాత్రం ఏటేటా ఒకటే సూత్రం చెప్పేదాన్ని. పైకెక్కి చూడనిదే పైకప్పు గురించి నోరు విప్పొద్దు. ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతు ఎంత గంభీరంగా ఉండేదంటే, వింటుంటే నాకే ముచ్చటేసేది.

పోయిన ఏడు ముంగారు, అంటే తొలకరి వానలప్పుడు ఒక పాస్టరయ్య ఫోన్ చేశాడు. పత్తికొండ దాటి ఇంకా పడమరకు పోతే, మాటల్లో కన్నడం కలవడం మొదలయ్యే చోట ఆయన ఊరు. వాళ్ళ ప్రార్థన మందిరం మిద్దె కూలిందట. మంగళవారం పొద్దున, లోపల ఎవరూ లేనప్పుడు. పోయినవి ఒక హార్మోనియం, ఒక గోడగడియారం, చాపల కట్ట.

"ఆదివారం అయ్యింటే నలభై ఇండ్లోళ్ళం లోపలే ఉంటాంటిమి మేడం" అన్నాడాయన.

హార్మోనియం గురించి ఒక పరిహాసం నా నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

ఆ ఊరు నాకు పూర్తిగా కొత్త కాదు. రెండేళ్ళ కిందట పక్క ఊరిలో పగిలిన నీళ్ళ ట్యాంకు చూసి వస్తుంటే, ఆ పాస్టరయ్య దారిలో నా కారు ఆపి ఇంటికి తీసుకుపోయి టీ ఇచ్చాడు. అందులో అల్లం ఎక్కువైందని బాగా గుర్తుంది. ఇంకేమీ గుర్తు లేదు.

"మా బేల్దారి ఆయప్ప రెండేండ్ల కిందట ఒక దూలం మార్చినాడు మేడం" అని ఆయనే మళ్ళీ అందుకున్నాడు. "ఆ దూలంతోనే కూలిందంటాండారు మావోళ్ళు. కొత్త మందిరం కట్టేదానికి ఆయప్పను పిలిచేది లేదని సంఘ పెద్దలు గట్టిగా ఉండారు. ఆయప్ప మా సంఘమోడే. ఆ గోడలు లేపింది వాళ్ళ నాయనే. మీరొచ్చి సూసి రాసిస్తే దాని ప్రకారం పోదామని నేను ఆపిండా."

రెండో రోజు వెళ్ళాను. మందిరం మరీ పెద్దదేం కాదు. ఇరవై అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు. రాతి గోడలు, వాటి మీద అడ్డంగా కట్టె దూలాలు, దూలాల మీద వాసాలు, ఆ పైన మట్టి మిద్దె. ముక్కాలు భాగం లోపలికి కుప్పపడింది. తూర్పు పక్క పావు భాగం మాత్రం, కింద అడ్డగోడ ఒకటి ఉండటం వల్ల అలాగే నిలిచింది. పాస్టరయ్య ఇంటి అరుగు మీద సంఘ పెద్దలు నలుగురు నా కోసం కారణాలు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నారు. ఒకాయన బోరు మిషను అదురు అన్నాడు. ఇంకొకాయన మూడు ఫ్యాన్లు తగిలించారని, అవి తిరిగి తిరిగి మిద్దెను కదిలించాయని అన్నాడు. ఫ్యాను తిరిగితే మిద్దె కదిలేట్టయితే మన రాయలసీమలో ఎండాకాలం ఒక్క ఇల్లూ నిలవదని అన్నాను. ఎవరూ నవ్వలేదు. చివరకు నలుగురూ తిరిగి తిరిగి దూలం దగ్గరికే వచ్చారు.

ఆ దూలం మార్చిన బేల్దారి అరుగు మీద లేడు. దూరంగా, పేర్చిన బండల మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ళు దాటిన మనిషి. నేను దగ్గరికి పోతే లేచి నిలబడి, మెడలో తువ్వాలు తీసి చేతికి చుట్టుకున్నాడు.

"మేడం, ఒక మాట అడుగుతా. తప్పు నా దూలందే అయితే ముందు నాకు చెప్పండి. అందరి ముందర చెప్పొద్దండి."

"నీదని నీకు అనుమానమా?"

"ఏమో మేడం. నలభై ఇండ్లోళ్ళు దాని కింద కూర్చునే చోటు. ఆ పొద్దు నుంచి అన్నం లోపలికి పోతాలేదు. పక్క ఊర్లో రెండిండ్ల పని చేస్తాంటి. వాళ్ళు కూడా వద్దన్యారు. అది పోతే పోయిందిలే. మా నాయన లేపిన గోడలు మేడం ఇవి."

ఇతరుల మీద తప్పు తోసేవాళ్ళ మధ్య తిరిగి తిరిగి, తప్పు తనదేమోనని అడిగే మనిషి మొదటిసారి ఎదురయ్యాడు. నోటి దురుసు అక్కడ పనికి రాలేదు. "నీ పనిముట్ల సంచి యాడుండాది?" అన్నాను.

"ఇంట్లో తగిలించినా."

"తెచ్చుకో. దీన్ని విప్పే పని నీదే."

పెద్దల్లో ఒకాయన, నింద ఉన్న మనిషిని అక్కడికి ఎట్లా పంపిస్తారని గొణిగాడు. ఈ గోడల గురించి ఈయన కంటే ఎక్కువ తెలిసినవాళ్ళుంటే వాళ్ళనే పంపండి, నాకేం అభ్యంతరం లేదన్నాను. ఎవరూ ముందుకు రాలేదు.

నిలిచిన భాగానికి కింద ముందుగా బేల్దారే నాలుగు ఊత గుంజలు పెట్టి బిగించాడు. తర్వాత రెండు రోజులు కుప్పను పైనుంచి మెల్లగా తీయించాను. ఏ దూలం మీద ఏది పడిందో, ఏది ముందు పడిందో తెలియాలంటే పడిన వరుసకు ఎదురు వరుసలో విప్పాలి. ప్రతి దూలానికీ సుద్దముక్కతో అంకె వేశాను. మా ఆయన ఫోన్ చేసి, తప్పిపోయిన పిల్లలకు పేర్లు పెడుతున్నావా అని అడిగాడు.

ఆరు దూలాలు దొరికాయి. అయిదు సరిగ్గా మధ్యలో విరిగాయి. వాటి విరిగిన ముఖాలు చూస్తే సగం నల్లగా, దుమ్ము పట్టి పాతబడి ఉన్నాయి, మిగతా సగం తెల్లగా, తాజాగా ఉంది. అంటే అవి మంగళవారం పొద్దున ఒక్కసారిగా విరగలేదు. చాలా రోజులుగా వంగుతూ, చీలుతూ వచ్చి ఆ పొద్దున వదిలేశాయి. బేల్దారి వేసినది మాత్రం విరిగినవాటి పైన పడి నిండుగా ఉంది. ఒక్క పగులు లేదు.

అడిగినట్టే ముందు అతనికే చెప్పాను. "నీ దూలం విరగలేదప్పా. పక్కవి విరిగి గోడను లాగితే కొస జారి కిందికి దిగింది, అంతే. ఇక్కడ గట్టిగా ఉన్నది అదొక్కటే."

అతను వంగి దాని మీద చెయ్యి పెట్టాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. కాసేపటికి, "తుమ్మ మొద్దు మేడం. ఆరు నెలలు నీళ్ళలో నానేసి, నీడలో ఆరబెట్టి తెచ్చినా" అన్నాడు. అంతవరకు అడిగినదానికి తప్ప నోరు విప్పని మనిషి, ఆ మొద్దు ఏ వంకలో పెరిగిందో, ఏ వైపు కొట్టారో అరగంట చెప్పాడు. నేను విన్నాను. నాకు కూడా మనసు తేలికైంది.

దూలం తప్పు కాకపోతే మరి మిగతావి ఎందుకు విరిగాయన్నది తేలాలి. దానికి పైకెక్కాలి. నా కుడి మోకాలికి మెట్లంటేనే పడదు, నిచ్చెనంటే అసలే పడదు. అయినా నా సూత్రం నాదే కాబట్టి ఎక్కాను. నిలిచిన భాగం తెగిన అంచు దగ్గరికి పోయి చూస్తే, వాసాల మీద మన్ను నా మోకాలి దాకా ఉంది.

మట్టి మిద్దె ఎరగనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. మా పడమటి ఊళ్ళలో ఈ మిద్దెల మీద చౌడు వేస్తారు. చౌడంటే ఉప్పు పట్టిన తెల్లటి మన్ను. వాన తగిలితే పలచగా పరుచుకుని బిగుసుకుపోతుంది, కిందికి చుక్క దిగనివ్వదు. వానకు కొంత కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా ముంగారుకు ముందు మళ్ళీ వేస్తారు. మొత్తం మీద జానెడు మందం ఉంటే ఎక్కువ. ఇక్కడ దానికి రెండింతలు దాటింది.

"ఇంత మన్ను ఎందుకేసినారు?" అని పైనుంచే అడిగాను.

కింద ఉన్న పాస్టరయ్య వివరించాడు. ఆ సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ముంగారుకు ముందు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ప్రతి ఇంటి నుంచీ ఒక గంప చౌడు నెత్తిన పెట్టుకుని వచ్చి మందిరం మీద పోస్తారు. అది దేవునికి చేసే సేవ. తమ ఇంటి మిద్దె మీద ఎంత కావాలో అంతే వేసుకుంటారు, ఎక్కువైతే గీకి తీసేస్తారు. మందిరం మీదది మాత్రం ఎవరూ తీయరు.

"దేవునికిచ్చింది మళ్ళీ ఎట్ల తీస్తారు మేడం?" అన్నాడాయన.

మొదట్లో పదిహేను ఇళ్ళట, ఇప్పుడు నలభై. సంఘం పెరిగినందుకు ఏటా స్తోత్రం చెప్పుకున్నారు, దూలాలను మాత్రం ఎవరూ అడగలేదు. ఈ మాట పెద్దల ముందు చెప్తే ఒకాయనకు కోపం వచ్చింది. "మన్నేంది మిద్దెను కూల్చేది? మన్నే కదా మిద్దె అంటే. గంప మన్ను ఆడపిల్ల నెత్తిన పెట్టుకొని వస్తాది. దానికి దూలం ఇరుగుతాదా?" అన్నాడు.

వీళ్ళకు లెక్కలు చెప్పి లాభం లేదనిపించింది. పత్తి తూకం వేసే కాటా తెప్పించాను. తెగిన అంచు దగ్గర అడుగు పొడవు, అడుగు వెడల్పు గీత గీసి, వాసాల దాకా ఆ మేరకే మన్ను తవ్వి గోతాల్లో నింపి దించమన్నాను. బేల్దారి చిల్ల పెంకు కూడా పోకుండా దించాడు. తూకం వేస్తే ఎనభై రెండు కిలోలు. వాన తడి ఇంకా అందులోనే ఉంది.

"ఇప్పుడు మీరెక్కండి" అన్నాను పాస్టరయ్యతో.

ఆయన నవ్వుతూ, మొహమాటపడుతూ కాటా ఎక్కాడు. ఎనభై ఒకటి.

"చూడండి. మీ మిద్దె మీద అడుగుకొక పాస్టరయ్య నిలబడుకొని ఉండాడు. మొత్తం ఆరు వందల మంది. ఒక్క పాస్టరయ్యను మోసేదే మీ సంఘానికి కష్టంగా ఉంటాదేమో."

ఈసారి నవ్వారు. అందరికంటే గట్టిగా పాస్టరయ్యే నవ్వాడు. కోపం వచ్చిన పెద్దాయన మాత్రం నవ్వకుండా కాటా వైపు, మిద్దె వైపు మార్చి మార్చి చూశాడు. కాసేపయ్యాక నేను తవ్విన చోటు చూద్దామని మళ్ళీ ఎక్కుతుంటే, చెప్పులు విప్పి నా వెనకే నిచ్చెన ఎక్కాడు. ఆయన వెనక ఒక అవ్వ ఎక్కింది. డెబ్భై అయిదేళ్ళు ఉంటాయి, నాకంటే చులాగ్గా ఎక్కింది. ఆ ఊర్లో అందరికంటే ఎక్కువ గంపలు మోసింది ఆమేనట.

తవ్విన గుంట పక్క గోడలా నిలువుగా నిలిచింది. అందులో పొరలు కనిపించాయి, ఒక్కొక్కటి అర వేలు మందం కూడా లేదు. ఒకటి తెలుపు, ఒకటి బూడిద రంగు, ఒకటి కొంచెం ఎరుపు. నేను ఇరవై ఎనిమిది దాకా లెక్కపెట్టాను. అవ్వ వంగి వాటిని వేలితో తాకుతూ చదవసాగింది.

"ఈ ఎర్రది వంక అవతల నుంచి తెచ్చిన ఏడు. ఈడ మన సౌడు గుంత మునిగిపోయిండె. ఇది మా చిన్న కోడలు కాపురానికొచ్చిన ఏడు, గంప కింద పడేసింది." ఒకచోట ఆమె వేలు ఆగింది. అక్కడ పొర దారంలా సన్నగా, ఉందో లేదో అన్నట్టుగా ఉంది. "ఇది కరోనా ఏడు. ఎవురూ బయటికి రాలేదు. నేనొక్కదాన్నే ఒక గంప తెచ్చి సల్లినా."

నేను ఎన్నో విరిగిన ముఖాలు చూశాను, ఎన్నో పగుళ్ళు చదివాను. ఒక మనిషి ఒంటరిగా చేసిన పని ఇంత సన్నగా, ఇంత స్పష్టంగా ఎక్కడా చూడలేదు. ముఖం పక్కకు తిప్పుకుని టేపు తీసి కొలవడం మొదలుపెట్టాను.

కొలుస్తూ పైదాకా వచ్చేసరికి మళ్ళీ నా పాత గొంతు తిరిగొచ్చింది. ఎందుకంటే అన్నిటికంటే పైనున్న రెండు సన్న పొరల కిందిది సన్నగా లేదు. అదొక్కటే జానెడు మందం ఉంది. ఒకే రంగు, ఒకే తీరు. గంపలతో పోసింది కాదు. ఇరవై ఎనిమిది ఏళ్ళ గంపలన్నీ కలిపి ఎంతో, ఇదొక్కటే దాదాపు దాంట్లో ముప్పాతిక ఉంది.

"ఇదెవరేసినారు?"

ఆ మన్ను చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపాను.

"ఇది ట్రాక్టరు మన్ను. ఎంత కాదన్నా నాలుగు ట్రాలీలు. గంపల మన్నును ఎట్లో ఓర్చుకున్న దూలాలు దీంతో వంగడం మొదలుపెట్టాయి. రెండు వానకాలాలు తడిసి, ఆరి, మూడోసారి తడిసి విరిగాయి. ఎవరు చేయించారు ఈ పని? ఏ బుద్ధిమంతుడు చెప్పాడు ఇంత వేయమని?"

కింద నిలబడిన పాస్టరయ్య నేల చూపు చూశాడు. పెద్దాయన దగ్గాడు. నిచ్చెన చివర నిలబడిన బేల్దారి మెల్లగా అన్నాడు. "మన్ను తోలించింది, పరిచింది నేనే మేడం. నేనే ఏసినా అని రాసుకోండి."

"నువ్వు పరిచింటావు. వేయమని చెప్పిందెవరు?"

"ఎవరైతేనేమి మేడం. పనోన్ని నేనే కదా. రాసుకోండి."

దూలం మచ్చ పోయిందని గంట కిందట తేలికపడిన మనిషి, ఇప్పుడు తనంతట తానే ఇంకో మచ్చ తీసుకుంటున్నాడు. నాకు విసుగొచ్చి, ఒకరిని కాపాడటానికి అబద్ధం రాయడానికి నేను రాలేదని గట్టిగానే అన్నాను.

అవ్వ నా మోచెయ్యి పట్టుకుంది. "నువ్వే కదా పాపా చెప్పింది" అంది.

మొదట నాకు అర్థం కాలేదు. ఆమె సాయంత్రం కబుర్లు చెప్పినంత తాపీగా చెప్పింది. "ఆ దినం పాస్టరయ్య ఇంట్లో టీ తాగితివి. మందిరంలోకి పిల్సుకొచ్చి, కొత్త దూలం ఏసినా ఉరుస్తాండాదని సూపించిరి. నువ్వు మోకాలు నొప్పి అంటివి. కిందనే నిలబడుకొని తలెత్తి సూసి, నీళ్ళు దిగనీయొద్దు, సౌడు మందంగా ఏయించండి అంటివి. మందంగా అనే మాట నాకు బాగా గుర్తుండాది. ఇంజనీరమ్మ చెప్పిందని బేల్దారి ఆ వారమే ట్రాక్టరు పెట్టి తోలించినాడు."

అప్పుడు గుర్తొచ్చింది. తడి మరక, పైకెత్తిన నా తల, కారు దగ్గర నా కోసం చూస్తున్న డ్రైవరు. నిచ్చెన కూడా గుర్తొచ్చింది. గోడకు ఆనించే ఉంది, ఎక్కుతారా అని పాస్టరయ్య అడిగాడు కూడా. అల్లం టీ గుర్తుంచుకున్నాను, ఇది మరచిపోయాను. ఆదివారం అయ్యుంటే అన్న మాట మళ్ళీ చెవిలో పడింది, ఈసారి అది నన్ను అడుగుతున్నట్టే ఉంది.

"మీ అందరికీ తెలుసా?" అన్నాను.

"మీరు చెప్పినారని తెలుసు మేడం" అన్నాడు పాస్టరయ్య. "దానితోనే కూలిందని మాకేం తెలుసు, ఇప్పుడు మీరు తవ్వి సూపిస్తేనే కదా."

కిందికి దిగాక బేల్దారిని పక్కకు పిలిచి, ఎందుకు దాచావని అడిగాను. అతను సంచిలో తాపీ సర్దుకుంటూ చెప్పాడు. "తవ్వుతాంటేనే నాకు తెలిసిపాయ మేడం. ఏం చేసేది? నా పేరు పోతే ఈ నాలుగూర్లలో పోతాది. మీ మాట మీద రెండు జిల్లాలోళ్ళు ఇండ్లలో నిద్రపోతాండారు."

ఇంటికొచ్చి రిపోర్టు రాశాను. మొదట రాసిన ప్రతిలో, మట్టి బరువు పరిమితికి మించడం వల్ల దూలాలు విరిగాయని ఉంది. బేల్దారి వేసిన దూలానికి దోషం లేదని ఉంది. ఏదీ అబద్ధం కాదు. చక్కగా, గౌరవంగా ఉంది. ఆ ట్రాక్టరు పొర ఎవరి సలహాతో వేశారన్నది అందులో లేదు, రాయకపోతే అడిగేవాళ్ళూ లేరు. ఒక పూటంతా ఆ కాగితాన్ని చూస్తూ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే భయపడ్డాను. పక్కన సుత్తె పెట్టుకుని అమావాస్య గురించి చెప్పిన ఆ షెడ్డు మనిషి గుర్తొచ్చాడు. ఆ ప్రతి చించేసి ఇంకొకటి రాశాను.

మా ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. "ఇన్నేళ్ళలో నీ రిపోర్టుల్లో నాకు తెలిసినవాళ్ళు ఎవరూ తగల్లేదు" అన్నాడు. "ఈసారి తగిలారు." తర్వాత నవ్వకుండా, తను కూడా వస్తానన్నాడు.

ఆ ఆదివారం ఆరాధన పాస్టరయ్య ఇంటి ముందు షామియానా కింద జరిగింది. గుంజల తాళ్ళు నేను చూడలేదని చెప్పను. ఆరాధన అయ్యాక రిపోర్టు చదివాను. బేల్దారి దూలం గట్టిదని, తప్పు అతనిది కాదని చదివాను. రెండేళ్ళ కిందట ఈ మిద్దెను కింద నుంచి చూసి, పైకెక్కకుండా, చౌడు మందంగా వేయించమని సలహా ఇచ్చింది నేనేనని, కూలడానికి అదే దగ్గరి కారణమని చదివాను. నా గొంతు గంభీరంగా లేదు. ముందు వరుసలో మా ఆయన తన చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు.

కాటా దగ్గర కోప్పడిన పెద్దాయన లేచాడు. నన్ను ఏమైనా అంటాడేమో అనుకున్నాను. ఆయన నా వైపు చూడనే లేదు. బేల్దారి దగ్గరికి పోయి, "ఏమప్పా, కొత్త మందిరానికి ముగ్గు ఎప్పుడు పోస్తావు?" అన్నాడు. బేల్దారి తలదించుకుని తువ్వాలు చేతికి చుట్టుకున్నాడు, మళ్ళీ విప్పాడు. ఎప్పుడంటే అప్పుడే అన్నాడు.

ఈ ఏడు ముంగారుకు ముందు కొత్త మందిరానికి స్లాబు పడింది. సిమెంటు, కంకర, ఇనుము. మెట్లింకా కట్టలేదు. సెంట్రింగు విప్పిన రోజు నన్ను పిలిచారు. లోపలికి పోయి తలెత్తి చూశాను. చక్కటి పని, ఎక్కడా ఒక్క వంకర లేదు. బయటికొచ్చేసరికి అవ్వ నిలబడి ఉంది, నెత్తిన గంప, గంప నిండా చౌడు.

"ఇదెందుకవ్వా? ఇది సిమెంటుది. దీనికి చౌడు అక్కర్లేదు" అన్నాను.

అవ్వ గంప దించలేదు. "నువ్వు కింద నిలబడుకొని చెప్పిన మాట ఒకసారి ఇన్నాము పాపా" అంది. "ఎక్కి సూసి చెప్పు. అంతవరకు నేను మోస్తాంటాలే."

బేల్దారి నిచ్చెన తెచ్చి గోడకు ఆనించి, కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. మోకాలు ఆ రోజు కూడా నొప్పిగానే ఉంది. ఎక్కాను.